నలభై ఎనిమిదంగుళాల మీసాలాయన

పెయింటరు అప్పటికే నిచ్చెనెక్కేశాడు. చేపల క్లబ్బు గోడ మీది చెక్క బోర్డును గరుకు కాగితంతో బరబరా రుద్దేసి, నల్లరంగు పూసి ఆరబెట్టి, తెల్లరంగు డబ్బా చేతపట్టుకుని, "పై లైను ఏం రాయమంటారు సార్? పాతదే రాసేయనా?" అని కిందికి కేకేశాడు.

"పాతదే" అన్నారు సెక్రటరీగారు.

"ఆగండి!" అంది మనవరాలు.

తాత సంతాపసభకని హాల్లో చేరిన యాభై అరవై తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. మైకు ముందు తాత గురించి చెబుతున్న నర్సు కూడా సగం మాట నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మనవరాలికి చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

వాళ్ల తాత పోయి నెలైంది. ఆ ఊళ్లో ఆయన దర్జీ. వారంలో ఆరు రోజులు మిషను ముందు, ఏడో రోజు చెరువు మీదో కొండ మీదో. ఎండనేది లేదు, వాననేది లేదు. ఊళ్లో సగం మందికి ఈత నేర్పింది ఆయన, పడవ తోయడం నేర్పింది ఆయన. ఒకసారి బడిపిల్లలు పద్నాలుగు మంది కొండ మీద మంచులో దారి తప్పితే, భుజాన అస్తరు గుడ్డ తాను వేసుకుని వెళ్లి, దాన్ని పేలికలుగా చింపి, పిల్లల చేతులు ఒకరికొకరికి ముడేసి, పూసల దండలా కిందికి దించుకొచ్చాడు. ఇది నిజంగా జరిగింది. ఆ పద్నాలుగు మందిలో నలుగురు ఇప్పుడీ హాల్లోనే కూర్చున్నారు. కానీ ఆయన చెప్పినప్పుడు మాత్రం పద్నాలుగు ఇరవై అయ్యేది, మంచు తుఫానయ్యేది, మధ్యలో ఓ ఎలుగుబంటి కూడా వచ్చి చేరేది. అందుకే ఊళ్లో ఆయన్ను కోతల తాత అనేవాళ్లు. ఆయనేమీ అనుకునేవాడు కాదు, పైగా పిలిస్తే పలికేవాడు.

అన్ని కోతల్నీ ఊరు నవ్వుతూ భరించింది గానీ, ఒక్కదాన్ని మాత్రం భరించలేదు. అది చేప సంగతి.

ఇరవై రెండేళ్ల కిందట ఒక పొద్దున తాత చెరువు నుంచి ఒడ్డుకొచ్చి, "నాలుగున్నర అడుగులు! మీసాల చేప! పట్టాను, వదిలేశాను!" అని ఒకటే అరుపు. అప్పటికి బోర్డు మీద పై లైను పోస్టుమాస్టరుగారిది. చెరువులో పడ్డ అన్నిటికన్నా పెద్ద చేప, నలభై తొమ్మిది అంగుళాలు. పోస్టుమాస్టరూ తాతా చిన్నప్పటి నుంచీ జోడీ. పోట్లాడుకోని రోజు లేదు, కలవని రోజూ లేదు. "సరే, కొలత చూపించరా" అన్నారాయన. "టేపు తీసుకెళ్లలేదు" అన్నాడు తాత. ఆ మాట అంటున్నప్పుడు కూడా టేపు ఆయన మెడలోనే వేలాడుతోంది! ఇంక నవ్వరా మరి?

"పోనీ, సాక్ష్యం ఎవరు?" అని అడిగారు. పడవలో ఆయనతో ఉన్నది తొమ్మిదేళ్ల మనవరాలు ఒక్కతే. తాత ఆ పిల్లకేసి చూశాడు. పిల్ల బుర్ర గోక్కుని, "నేను నిద్రపోయాను" అంది. నిజమే చెప్పింది, పాపం. కానీ ఆ నిజంతో హాలు హాలంతా పగలబడి నవ్వింది. తాత కూడా నవ్వేసి పిల్లను భుజానెక్కించుకున్నాడు. పిల్ల మాత్రం ఆ నవ్వు మర్చిపోలేదు. పెద్దదై, టైలరింగ్ నేర్చుకుని, తాత చూపు మందగించాక రెండేళ్లుగా ఆ షాపు తనే నడుపుతోంది. ఆ రోజు ఉత్తుత్తినే తలూపి ఉన్నా తాత పరువు నిలబడేది కదా అని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇంకా పెద్ద బాధ ఏమిటంటే, ఆమె కూడా ఆ చేపను ఎప్పుడూ నమ్మలేదు. తాత మంచంలో ఉండి, పోయే ముందు వారం కూడా చేప కథ ఎత్తుకుంటే, "ఇంక చాల్లే తాతా" అనేసింది. ఆ మాట నెల రోజులుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడెందుకు లేచి నిలబడిందంటే, నర్సు వల్ల.

"ఓసారి నేనూ కొండకెళ్లా తాతతో" అని నర్సు మైకులో చెబుతోంది. "దార్లో పెద్ద చెట్టుంటే ఆగి, టేపు తీసి చుట్టూ కొలిచాడు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. ఏంటా అని చూద్దును కదా, కస్టమర్ల కొలతల పుస్తకం! కస్టమరు: చెట్టమ్మ. నడుము: నూట పది. అని రాసి, 'ఈవిడకి జాకెట్టు కుట్టాలంటే తాను సరిపోదు' అన్నాడు."

అందరూ నవ్వారు. మనవరాలు నవ్వలేదు. తాత నోటితో ఎంతైనా పెంచుతాడు, పుస్తకంలో మాత్రం నూలుపోగు కూడా పెంచడు. కనిపించిన ప్రతిదాన్నీ కొలిచి రాసే మనిషి, మెడలో టేపు పెట్టుకుని, చేప దొరికితే కొలవకుండా వదుల్తాడా? రాసే ఉంటాడు!

"మాస్టారూ, కొలత తెస్తాను" అంది.

సెక్రటరీగారు రిటైరైన లెక్కల మాస్టారు. క్లబ్బు రూల్సన్నీ ఆయన చేతిరాతే. "చూడమ్మా, రూలు నీకూ తెలుసు. పట్టిన రోజే రాసిన కొలత కావాలి, తేదీ ఉండాలి, దేంతో కొలిచారో ఆ వస్తువు చూపాలి. ఇరవై రెండేళ్లలో మీ తాతే తేలేకపోయాడు" అన్నారు.

"బోర్డుకి మళ్లీ రంగెప్పుడు వేస్తారు?"

"పదేళ్లకి."

పెయింటరు నిచ్చెన మీది నుంచి, "అమ్మా, నేను కింది లైన్లు ముందు రాసుకుంటా. పైకి రావడానికి గంట పడుతుంది. ఈలోగా తెచ్చుకో" అన్నాడు. మంచివాడు.

సైకిలు తొక్కిన తొక్కుడికి చైను ఊడకపోవడమే ఆశ్చర్యం. వీధి మలుపులో కూరగాయలావిడ "ఏమైందే?" అని అరిస్తే, "చేప!" అని అరిచి వెళ్లిపోయింది. షాపు షట్టరు సగమే ఎత్తి, వంగి దూరింది. రెండు మిషన్లు, కత్తిరింపుల బల్ల, గోడకి సుద్ద గీతలు, మేకుకి తాత టేపు. అటక మీద కొలతల పుస్తకాలు, ఏ ఏడాదికాయేడు నాడాతో కట్టిన కట్టలు. స్టూలెక్కి, దుమ్ముకి తుమ్ములు తుమ్ముతూ ఆ ఏడాది కట్ట లాగేసరికి నాలుగు కట్టలు నెత్తిన పడ్డాయి. నేల మీద చతికిలబడి పేజీలు తిప్పడం మొదలెట్టింది.

చొక్కాలు, లాగులు, పెళ్లికూతురి జాకెట్లు. మధ్యలో "కుబుసం, కొండ వెనక, పొడవు డెబ్బై ఒకటి." ఇంకో చోట "ఎలుగు అడుగుజాడ, వెడల్పు ఐదున్నర." అమ్మ తాతా! ఎలుగుబంటి కూడా నిజమేనా? ఇంకో పేజీ. ఇంకోటి.

దొరికింది.

*కస్టమరు: మీసాలాయన. ఊరు: చెరువు. పొడవు 48. ఛాతీ 25. మెడ లేదు. చేతులు లేవు. డెలివరీ: అక్కడే, నీళ్లలోకి.* కింద తేదీ. తాత ఒడ్డున అరిచిన ఆ రోజుదే!

మనవరాలు షాపు అదిరేలా ఓ కేక పెట్టింది. ఉంది! చేప ఉంది! తాత అబద్ధం ఆడలేదు! పుస్తకాన్ని గుండెలకి అదుముకుని, ఒక్కతే గిర్రున తిరిగింది. "మెడ లేదు, చేతులు లేవు" అని మళ్లీ మళ్లీ చదువుకుంటే, నవ్వాగక కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చూసింది అంకె. నలభై ఎనిమిది.

పోస్టుమాస్టరుది నలభై తొమ్మిది. నాలుగున్నర అడుగులు లేదు, ఏమీ లేదు. ఒక్క అంగుళం తక్కువ. ఓహో, ఇదా సంగతి! ఒడ్డుకొస్తూనే నోరు జారి నాలుగున్నర అనేశాడు. పుస్తకం తీస్తే రికార్డూ పోతుంది, పరువూ పోతుంది. మెడలో టేపు పెట్టుకుని టేపు లేదన్నాడు. ఒక్క అంగుళం కోసం ఇరవై రెండేళ్లు ఊరందరి ముందూ అబద్ధాలకోరై బతికాడు. ఆమెకి కోపం ముంచుకొచ్చింది. "పిచ్చి తాతా, నలభై ఎనిమిదైతే మాత్రం ఏం? నాకు చూపించొద్దూ!" అని తాత ఖాళీ కుర్చీ మీద అరిచింది.

తర్వాత మొహం తుడుచుకుంది. బోర్డు ఎక్కకపోతే పోయింది, చేప ఉన్నమాట నలుగురికీ తెలియాలి. మేకుకున్న టేపు మెడలో వేసుకుని, పుస్తకం సంచిలో పడేసుకుని మళ్లీ సైకిలెక్కింది.

హాల్లోకి వచ్చేసరికి పెయింటరు మూడో లైను మీదున్నాడు. మనవరాలు మైకు దగ్గరికెళ్లి, ఆయాసపడుతూనే చదివింది. "కస్టమరు, మీసాలాయన" అనగానే నవ్వులు. "మెడ లేదు, చేతులు లేవు" అనేసరికి హాలు విరగబడి నవ్వింది. "పొడవు నలభై ఎనిమిది" అన్నప్పుడు మాత్రం అందరూ ఒక్కసారి పోస్టుమాస్టరుగారి వైపు చూశారు.

ముందు వరుసలో కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న ఆ పెద్దాయన తలెత్తారు. "నలభై ఎనిమిదా?" అన్నారు మెల్లగా. "వెధవ. చెప్పుంటే ఏం పోయేది? అది మాత్రం చిన్న చేపా?"

"అంటే చేప నిజమేనన్నమాట" అని ఎవరో అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. మనవరాలికి కొంచెం ఊపిరి తిరిగింది. కానీ బోర్డు మీద పై లైను ఒక్కరికే. రెండోవాళ్లకి చోటు లేదు.

"రూలు ప్రకారం టేపు కూడా చూడాలి" అన్నారు సెక్రటరీగారు. ఊరుకోరు కదా మరి, లెక్కల మాస్టారాయె. హాలు గోడకి చేపల్ని కొలిచే ఇనుప కొలబద్ద బిగించి ఉంది. మాస్టారు టేపు మొదలు పట్టుకుంటే, మనవరాలు నలభై ఎనిమిది దగ్గర పట్టుకుని దానికి ఆనించింది. ఆనించి, కళ్లు నులుముకుని, మళ్లీ చూసింది.

"మాస్టారూ, ఇటు చూడండి."

టేపు మీద నలభై ఎనిమిది. ఇనుప బద్ద మీద యాభైన్నర.

మాస్టారు కళ్లజోడు పైకి తోసి, మళ్లీ కిందికి దించారు. "గుడ్డ టేపు. సాగిపోయింది" అన్నారు.

మనవరాలు "ఆఁ!" అని అరిచిన అరుపుకి మైకు కీచుమంది. "అందుకా! అందుకా బిగుతైంది! నేను కొత్త టేపు వాడతా. తాత పుస్తకంలో కొలతలు చూసి నా టేపుతో కోస్తే పాత కస్టమర్లందరికీ బిగుతే! నా చెయ్యి మంచిది కాదనుకున్నా! మీరు లావయ్యారని మీతో పోట్లాడాను కూడా మాస్టారూ!"

"నా చొక్కా ఇంకా బీరువాలోనే ఉందమ్మా, గుండీలు పెట్టడం కుదరక" అన్నారు మాస్టారు.

"మరి నలభై ఏళ్లు ఆయన కుట్టినవి మాకు సరిగ్గానే వచ్చాయి కదా?" అంది నర్సు.

"వస్తాయి! మనిషినీ అదే టేపుతో కొలిచాడు, గుడ్డనీ అదే టేపుతో కొలిచాడు. తప్పు తప్పుతో సరిపోయింది. ఇంక ఎవరికి తెలుస్తుంది?"

వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. బట్టల కొట్టాయన లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. "నాకు తెలుసమ్మా! రెండు మీటర్లు కోసిస్తే తక్కువిచ్చావని నలభై ఏళ్లు నన్ను దొంగన్నాడు మీ తాత! ప్రతిసారీ ఓ బెత్తెడు ఎక్కువ కోయించుకుపోయాడు!" ఆ మాటకి హాలు ఇంకోసారి విరగబడి నవ్వింది. చివరికి ఆయన కూడా నవ్వక తప్పలేదు.

"ఆగండాగండి" అన్నారు మాస్టారు చెయ్యెత్తి. "ఇది ఇవాళ్టి సాగుడు. ఇరవై రెండేళ్ల కిందట ఎంత సాగి ఉందో మనకేం తెలుసు? అప్పటికి ఇంత సాగలేదేమో?"

అందరి మొహాలూ వాడిపోయాయి. మనవరాలికి మాత్రం ఒంట్లో పూనకం దిగలేదు. పుస్తకం విప్పింది. తాత అన్నీ కొలుస్తాడు కదా. ఆ చుట్టుపక్కల పేజీల్లో సాగనిదీ, పెరగనిదీ, ఇప్పటికీ ఉన్నదీ ఏదో ఒకటి ఉండదా? మనుషులు లాభం లేదు, లావవుతారు. చెట్లు లాభం లేదు, పెరుగుతాయి. ఎదుటి పేజీలో, చేపకి రెండు రోజుల ముందు తేదీతో ఉంది. *క్లబ్బు రాతి బల్ల, కవరు గుడ్డ కోసం. పొడవు 72.*

"రాతి బల్ల!" అంది. "లేవండి, లేవండి అందరూ!"

చేపలు శుభ్రం చేసే రాతి బల్ల హాలు మూలనే ఉంది. దాని మీద టీ గ్లాసులున్నాయి. తలో గ్లాసూ తీసి పట్టుకున్నారు. పెయింటరు నిచ్చెన దిగొచ్చి, జేబులోంచి ఉక్కు టేపు తీసి ఇచ్చాడు. ఒక చివర మాస్టారు, ఒక చివర మనవరాలు. జనం చుట్టూ మూగారు.

"డెబ్బై ఐదు" అన్నారు మాస్టారు.

నల్లబల్ల లేదు, సుద్దముక్క మనవరాలి సంచిలో ఉంది. మాస్టారు రాతి బల్ల మీదే రాశారు. "ఆ వారం ఆయన టేపులో డెబ్బై రెండంటే అసలు డెబ్బై ఐదు. అంటే ప్రతి ఇరవై నాలుగుకీ ఇరవై ఐదు. మరి నలభై ఎనిమిదికి?" తరగతి గదిలో అడిగినట్టే అడిగి, జవాబు కోసం ఆగారు. అరవయ్యేళ్లవాళ్లూ డెబ్బయ్యేళ్లవాళ్లూ బడిపిల్లల్లా ఒక్క గొంతుతో అరిచారు.

"యాభై!"

ఇంక చూడండి ఆ గోల! టీ గ్లాసులు ఒలికాయి, కుర్చీలు పడ్డాయి, నర్సు మనవరాల్ని ఎత్తి తిప్పేసింది. అప్పటి బడిపిల్లలు నలుగురూ బల్లలు చరుస్తున్నారు. "పెయింటరూ, రాయవయ్యా! యాభై అంగుళాలు, దర్జీ!" అని అరుస్తున్నారు సెక్రటరీగారు. మనిషి ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడి ఎరగరు. ఒక్క అంగుళం తేడాతో తాత గెలిచాడు! ఇరవై రెండేళ్ల కిందటే గెలిచాడు!

మనవరాలు పోస్టుమాస్టరుగారి కోసం చూసింది. ఆయన రికార్డే కదా పోయింది. దగ్గరికెళ్లింది.

ఆయన మొహం వెలిగిపోతోంది. కర్ర పక్కన పడేసి, కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "ఓడించాడే నన్ను! నాలుగున్నర అని కోశాడు గానీ, ఓడించాడు! యాభై!" అని గుమ్మం వైపు గబగబా నడిచారు. చెప్పుల కుప్పలో తన జత వెతుక్కుంటూ, "పద పద అమ్మాయీ, వాడికి చెప్దాం. వాడి మొహం చూడాలి నేను. ఈ మాట వాడికి నేనే చెప్పాలి, ఇంకెవరూ ముందు చెప్పకండి" అన్నారు.

హాల్లో గోల ఎక్కడికక్కడ ఆగిపోయింది.

ఆయన ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో కాలు గాల్లో ఉండగా ఆగారు. మెల్లగా వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశారు. "అవును కదూ" అన్నారు.

మనవరాలికి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా వంగి, రెండో చెప్పు ఆయన కాలికి తొడిగింది. "పదండి తాతయ్యా. చెప్పేసి వద్దాం" అంది.

మధ్యాహ్నపు ఎండలో ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్లు దిగి, చెరువు గట్టున తాత పడవ కట్టేసి ఉన్న చోటిదాకా నడిచారు. పడవ ఖాళీగా ఊగుతోంది. పోస్టుమాస్టరుగారు నీళ్ల కేసి తిరిగి గొంతు సవరించుకున్నారు.

"ఒరేయ్! యాభై రా! నువ్వే గెలిచావు. నీ టేపు తగలెయ్య, ఎప్పుడో గెలిచావురా వెధవా!" అని ఉన్న ఓపికంతా పెట్టి అరిచారు.

మనవరాలు కూడా ఏదో అనబోయింది. నమ్మనందుకు క్షమించమనాలనుకుంది. కానీ తీరా నోరు తెరిస్తే, "మళ్లీ చెప్పు తాతా, మొదట్నుంచీ చెప్పు" అన్న మాటే వచ్చింది.